ఓడ నుంచి వాడ దాకా: వేలూరు, గుడియాత్తం సీమలో కడుపు జబ్బుల చరిత్ర

వాంతులు, విరేచనాలతో ఒక్కసారిగా పదిమందినీ పడగొట్టే జబ్బులన్నీ దాదాపు ఒకే దారిన వస్తాయి. రోగి కడుపులోంచి బయటపడిన క్రిమి నీళ్ళలోనో, తిండిలోనో, కడగని చేతుల మీదో మరొకరి నోటికి చేరుతుంది. కలరా, టైఫాయిడ్, పోలియో, రోటావైరస్, నోరోవైరస్ వేరువేరు క్రిములే అయినా అవన్నీ నడిచే బాట ఇదే. ఈ బాటను ఎక్కడ తెంచాలో తెలియాలంటే ఎవరికి, ఎప్పుడు, ఏ నీళ్ళు తాగాక జబ్బు చేసిందో లెక్క ఉండాలి. నడిసముద్రంలో ఉన్న ఓడలో ఆ లెక్క తేలిక. నలుదిక్కులా తెరిచి ఉండే ఊళ్ళో కష్టం. తెలుగువారు రాయవేలూరు అని పిలుచుకున్న వేలూరు, దానికి పడమరగా కౌండిన్య నది ఒడ్డున ఉన్న గుడియాత్తం, వాటి చుట్టుపక్కల పల్లెలు ఈ కష్టమైన లెక్కను దశాబ్దాల పాటు కట్టిన చోట్లు. అక్కడ తేలిన విషయాలు తర్వాత దేశమంతటికీ పనికొచ్చాయి.

ఓడల్లో కడుపు జబ్బులు

ఓడలో వంద మందో వెయ్యి మందో ఒకే వంటశాల తిండి తింటారు, ఒకే ట్యాంకు నీళ్ళు తాగుతారు, అవే మెట్ల కమ్మీలు పట్టుకుంటారు. ఒక్కరికి జబ్బు చేస్తే రెండు మూడు రోజుల్లో అది ఓడంతా పాకడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు. నేటి విహార నౌకల్లో ఈ పని ఎక్కువగా చేసేది నోరోవైరస్. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం నార్వాక్ పట్టణంలో 1968లో ఒక బడిలో పిల్లలకు, టీచర్లకు వాంతులు పట్టుకున్నాయి. ఆనాడు దాచిన మల నమూనాల్లో 1972లో ఆల్బర్ట్ కపికియన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు సాయంతో ఈ వైరస్‌ను చూశాడు. పిడికెడు కణాలు కూడా అక్కర్లేదు, పదుల సంఖ్యలో వైరస్ కణాలు నోట్లోకి పోతే చాలు, మనిషికి జబ్బు చేస్తుంది. బల్లల మీద, తలుపు పిడుల మీద రోజుల తరబడి బతికి ఉంటుంది. ఆల్కహాలు కలిసిన శానిటైజర్‌కు సరిగా లొంగదు. సబ్బుతో చేతులు రుద్ది కడగడం, క్లోరిన్ కలిపిన నీళ్ళతో తుడవడం దీనికి సరైన మందు.

అమెరికా రేవులకు వచ్చే విహార నౌకల మీద అక్కడి ప్రజారోగ్య శాఖ 1970ల నుంచి తనిఖీ నడుపుతోంది. వాంతులు, విరేచనాలతో ఓడ వైద్యుడి దగ్గరకు వచ్చిన ప్రతి ఒక్కరినీ పుస్తకంలో రాయాలి. ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ వారి సంఖ్య నూటికి ముగ్గురికి చేరితే దాన్ని బహిరంగంగా ప్రకటిస్తారు. ఓడల్లో ఈ జబ్బు ఎక్కువగా వస్తుందన్న పేరు రావడానికి ఒక కారణం ఈ రాతకోతలే. బయట హోటళ్ళలో, హాస్టళ్ళలో, పెళ్ళిళ్ళలో వచ్చే జబ్బును అలా రాసిపెట్టేవారు ఉండరు.

ఉత్తర ఆర్కాటు జిల్లాకు ఇంతకన్నా పాత ఓడ అనుభవం ఒకటుంది. వేలూరు, గుడియాత్తం ఆనాడు ఆ జిల్లాలోవే. 19వ శతాబ్దంలో, 20వ శతాబ్దపు తొలినాళ్ళలో ఇక్కడి తమిళ, తెలుగు కూలీలు ఒప్పంద కూలీలుగా మద్రాసు రేవు నుంచి మారిషస్, నాటాల్, ఫిజీ చెరకు తోటలకు వెళ్ళారు. 1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. దక్షిణాఫ్రికాకు చేరిన మొదటి భారతీయ ఒప్పంద కూలీలు అందులో ఉన్నారు. ఆ తర్వాత పది రోజులకే కలకత్తా నుంచి వచ్చిన బెల్విడీర్ ఓడలో దారిలోనే కలరా సోకడంతో డర్బన్‌లో క్వారంటైన్ పెట్టారు. 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకీ సాగాయి. వాటిలో ఎక్కినవారిలో ఉత్తర ఆర్కాటు మనుషులు ఎక్కువగా కనిపిస్తారు.

కూలీల ఓడల్లో కలరా, జిగట విరేచనాలు, తట్టు ప్రాణాలు తీసేవి. అందుకే ఓడకొక సర్జన్ ఉండాలని, పుట్టుకలు, జబ్బులు, చావులు రాసిపెట్టాలని నియమాలు వచ్చాయి. సర్జన్‌కు ప్రతిఫలం ప్రాణాలతో రేవు చేరిన కూలీల తలల లెక్కన దక్కేది. కూలీ ప్రాణానికి ధర కట్టిన ఆ ఏర్పాటు అమానుషమైనది. అయినా అందువల్ల ఒక రికార్డు మిగిలింది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు వరుసగా రాసిన ఆ ఓడ జాబితాల్లోనే నేడు దక్షిణాఫ్రికా తెలుగువారు తమ పూర్వీకుల ఊళ్ళు వెతుక్కుంటున్నారు. అదే కాలంలో ఆ కూలీల స్వగ్రామాల్లో విరేచనాలతో చనిపోయిన పసిపిల్లల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

వాంతిభేది కాలం

ఆనాటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో తిరుపతి కూడా ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా అదే పరిస్థితి. తిరుమల ఉత్సవాలకు, మిగతా క్షేత్రాల జాతరలకు వచ్చిపోయే యాత్రికుల వెంట కలరా ఊరూరా తిరిగేది. 1876-78 మహా కరువులో బావులు అడుగంటాయి, జనం గంజికేంద్రాల దగ్గర గుమిగూడారు, మద్రాసు రాజధాని అంతటా ఆకలికి కలరా తోడై లక్షల ప్రాణాలు పోయాయి.

జబ్బుకు కారణం తెలియని రోజుల్లో ఊరు తన రక్షణ కోసం గ్రామదేవతను నమ్ముకుంది. చిత్తూరు సీమ నుంచి గుడియాత్తం దాకా ఆ దేవత గంగమ్మ. గుడియాత్తం గోపాలపురంలో ఏటా మే నడిమి రోజుల్లో, తమిళుల వైగాసి నెల మొదటినాడు, గంగమ్మ శిరస్సు ఉత్సవం నేటికీ వేలాది జనంతో జరుగుతుంది. అది ఎండలు ముదిరి బావుల్లో నీళ్ళు కిందికి దిగే కాలం. వేపాకు, పసుపు నీళ్ళు, అమ్మవారికి పోసే అంబలి, జబ్బును పొలిమేర దాటించే మొక్కులు ఈ సీమ జాతరలన్నిటిలో కనిపిస్తాయి. రోగాన్ని ఊరంతటి కష్టంగా చూసే ఆ అలవాటు తర్వాతి కాలపు ప్రజారోగ్య పనికీ కావలసినదే.

కలరా క్రిమిని రాబర్ట్ కోచ్ 1883-84లో ఈజిప్టులో, కలకత్తాలో వెతికి పట్టుకున్నాడు. దరిమిలా బావుల్లో పొటాషియం పర్మాంగనేటు, ఆ తర్వాత బ్లీచింగ్ పౌడరు చల్లడం, జాతరలకు వెళ్ళేవారికి కలరా సూది వేయడం మద్రాసు రాజధానిలో ప్రభుత్వ పనులయ్యాయి. 1939లో దేశంలోనే మొదటి ప్రజారోగ్య చట్టం మద్రాసులో వచ్చింది.

గుడియాత్తం దారిలో వైద్యం

రాణిపేటలో 1870లో పుట్టిన ఐడా స్కడర్ అమెరికాలో వైద్యం చదివి వచ్చి 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1902లో షెల్ ఆసుపత్రి, 1918లో ఆడవారికి వైద్య పాఠశాల వచ్చాయి. అదే నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, జనం నోట సీఎంసీ. ఆసుపత్రి దాకా రాలేని వారి కోసం ఆమె వారానికొకసారి గుడియాత్తం వెళ్ళేది. తొలుత బండి మీద, కొన్నేళ్ళకు మోటారు కారులో సాగిన ఆ ప్రయాణంలో దారిపొడవునా చింతచెట్ల కింద, రచ్చబండల దగ్గర రోగులు కాచుకుని ఉండేవారు. వేలూరు నుంచి గుడియాత్తం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. ఆ దారిలో ఆగిన ప్రతిచోటా పుండ్లు, కళ్ళ జబ్బులు, జ్వరాలు, విరేచనాలు చూసి మందులిచ్చేవారు. రోడ్డు పక్క వైద్యం అని పేరుపడ్డ ఈ పద్ధతి ఆసుపత్రిని పల్లెకు తీసుకెళ్ళింది. 1977లో ఇదే దారిలోని కె.వి.కుప్పంలో సీఎంసీ గ్రామీణ ఆరోగ్య, సామాజిక విభాగం ఏర్పడింది. పల్లె వైద్యానికి తోడు పల్లె బతుకుతెరువునూ పట్టించుకోవడం దాని ఉద్దేశం.

1960 నాటి అంతుచిక్కని విరేచనాలు

1960-62 మధ్య ఉత్తర ఆర్కాటు పల్లెల్లో ఒక వింత జబ్బు పాకింది. కలరాలా ఒకటి రెండు రోజుల్లో తేలిపోదు. విరేచనాలు వారాలు, నెలలు సాగుతాయి. తిన్నది ఒంట పట్టదు, మలంలో కొవ్వు పోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది. పిల్లల కన్నా పెద్దలకే ఎక్కువగా వచ్చింది. వేల మంది దీని బారిన పడ్డారు, ప్రాణనష్టమూ పెద్దదే. వైద్యులు దీన్ని ట్రాపికల్ స్ప్రూ అన్నారు. మన ఆయుర్వేదం గ్రహణి అని వర్ణించిన లక్షణాలకు ఇది దగ్గరగా ఉంటుంది.

ఆస్ట్రేలియా నుంచి వచ్చి సీఎంసీలో పనిచేస్తున్న సెల్విన్ బేకర్, ఆయనతో వి.ఐ.మాథన్ ఈ జబ్బు వెంట పల్లెలకు వెళ్ళారు. ఇంటింటికీ తిరిగి ఎవరికి ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్ళు ఉంది అని రాశారు. ఒక సన్నని గొట్టం చివర చిన్న గుళికను రోగిచేత మింగించి, చిన్నపేగు లోపలి పొర నుంచి ఆవగింజంత ముక్క తీసి పరీక్షించారు. పేగు గోడ మీద వేళ్ళలా నిలబడి ఆహారాన్ని పీల్చుకునే సన్నని పొడవైన భాగాలు రోగుల్లో కురచబడి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ ఇస్తే రక్తం పుంజుకునేది. చాలామందికి టెట్రాసైక్లిన్ మేలు చేసింది. అంటువ్యాధిలా పాకినా, మూలమైన క్రిమి ఏదో మాత్రం నిర్ధారణ కాలేదు.

పోలిక కోసం జబ్బు లేనివారి పేగులనూ చూడగా మరో సంగతి బయటపడింది. ఏ బాధా లేకుండా పొలం పనులు చేసుకునే వారిలో కూడా పేగు గోడ చాలావరకు అలాగే మారి ఉంది. కలుషితమైన నీటితో, మట్టితో పుట్టినప్పటి నుంచీ సహవాసం చేసే పేగు నిత్యం కాస్త వాచి, తిన్నదాన్ని పూర్తిగా పీల్చుకోలేని స్థితికి వస్తుందని దీని అర్థం. పిల్లలు తిండి తిన్నా ఎదగకపోవడానికి, నోటి ద్వారా వేసే టీకాలు సరిగా పట్టకపోవడానికి ఇదొక కారణమని తర్వాతి పరిశోధకులు భావించారు. పారిశుధ్యం లేకపోతే జరిగే నష్టం విరేచనాల సంఖ్యలో కనిపించేదాని కన్నా పెద్దదని ఈ పరిశీలన చెప్పింది.

కంటికి కనిపించిన వైరస్‌లు

1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం పసిపిల్లల విరేచనాలకు కారణమైన రోటావైరస్‌ను గుర్తించింది. మరుసటి ఏడాదే వేలూరు పరిశోధకుల పేర్లతో ఇలాంటి వైరస్ మీద వ్యాసం లాన్సెట్ పత్రికలో వచ్చింది. 1977లో వేలూరు ఆసుపత్రి పిల్లల్లో విరేచనాల కారణాల మీద సమగ్రమైన నివేదిక వెలువడింది. సీఎంసీకి చెందిన మిన్నీ మాథన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో మల నమూనాలు చూసి, అంతకుముందు ఎవరూ వర్ణించని రకరకాల ఆకారాల వైరస్ వంటి కణాలను 1975లో లోకానికి తెలిపింది. అవి ఆరోగ్యవంతుల మలంలోనూ కనిపించాయి. మలంలో ఒక క్రిమి కనిపించినంత మాత్రాన జబ్బుకు అదే కారణమని చెప్పలేమని, ఆరోగ్యవంతులతో పోల్చి చూడాలని ఈ ఊళ్ళలో పదేపదే రుజువైంది.

పోస్టుకార్డు మీద జబ్బుల లెక్క

పోలియో వైరస్ కాళ్ళను చచ్చుబరిచినా, అది పెరిగేది పేగుల్లోనే. సీఎంసీ వైరాలజీ నిపుణుడు టి.జాకబ్ జాన్ 1970ల తొలినాళ్ళలోనే ఇక్కడి పిల్లలకు నోట్లో వేసే పోలియో చుక్కలు మూడు మోతాదులు చాలవని చూపించాడు. ఊళ్ళో పిల్లలందరికీ ఒకేసారి చుక్కలు వేసే పద్ధతిని 1980ల తొలినాళ్ళలో వేలూరులో నడిపించాడు. తర్వాత దేశమంతా పల్స్ పోలియోగా చేసిన పని అదే.

చుక్కలు ఫలిస్తున్నాయో లేదో తెలియాలంటే ప్రతి కేసూ తెలియాలి. ఇందుకోసం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఒక ఏర్పాటు మొదలైంది. అచ్చువేసిన పోస్టుకార్డులను ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులకు పంచారు. కలరా, పోలియో లాంటి జబ్బు అనుమానం వస్తే వైద్యుడు కార్డులో నాలుగు మాటలు నింపి పోస్టు చేయాలి. ల్యాబు రుజువు కోసం ఆగనక్కర్లేదు. అందిన వివరాలు జిల్లా ఆరోగ్యాధికారికి చేరేవి. నెలనెలా ఒక బులెటిన్ తిరిగి వైద్యులందరికీ వచ్చేది. తాను రాసిన కార్డు వృథా కాలేదని తెలిసిన వైద్యుడు మళ్ళీ రాస్తాడు. ఓడ సర్జన్ పుస్తకానికి జిల్లా పొడుగునా దీటుగా నిలిచిన ఈ పద్ధతిని 1998లో లాన్సెట్‌లో నమూనాగా వివరించారు.

కలరా 1992లో కొత్త రూపంలో వచ్చినప్పుడు ల్యాబు రికార్డులు అక్కరకొచ్చాయి. ఓ139 అనే కొత్త రకం మొదట మద్రాసులో బయటపడింది. పాత రకాన్ని పక్కకు నెట్టి అది పైచేయి సాధించిన వైనాన్ని వేలూరు ల్యాబు వెంటనే నమోదు చేసింది. వైద్యంలోనూ ఇక్కడ ఒక ముందడుగు పడింది. ఉప్పు, చక్కెర ద్రావణమైన ఓఆర్ఎస్ 1970ల నుంచి లక్షల ప్రాణాలు కాపాడినా, విరేచనాల పరిమాణాన్ని అది తగ్గించదు. చిన్నపేగులో అరగని ఒక రకం మొక్కజొన్న పిండిని కలిపి ఇస్తే, పెద్దపేగులోని బాక్టీరియా దాన్ని పులియబెట్టి చిన్న ఆమ్లాలుగా మారుస్తుంది. ఆ ఆమ్లాలు ఉప్పును, దానితోపాటు నీటిని మళ్ళీ ఒంట్లోకి లాగుతాయి. ఇలా కలరా రోగుల్లో నీరు పోవడం తగ్గుతుందని బి.ఎస్.రామకృష్ణ బృందం వేలూరులో చేసిన పరీక్ష 2000లో అచ్చయింది.

వేలూరు వాడల్లో నీళ్ళు, బిందెలు, పిల్లలు

వేలూరు పక్కన పారే పాలారు ఏడాదిలో చాలా కాలం ఇసుకే. వేలూరు పేటల్లో కొళాయి నీళ్ళు కొన్ని రోజులకొకసారి వచ్చేవి. నీళ్ళు రాని రోజుల్లో గొట్టంలో ఒత్తిడి ఉండదు. మురుగు కాలవ పక్కన గొట్టం పగిలి ఉంటే మురుగే లోపలికి చేరుతుంది. వచ్చిన నీళ్ళను బిందెల్లో రోజుల తరబడి దాచుకోవలసి రావడం రెండో చిక్కు. 2004లో అచ్చయిన ఒక వేలూరు పరిశీలనలో, ఇంట్లో నిలవ ఉంచాక నీరు మరింత పాడవుతోందని తేలింది. ఇత్తడి బిందెల్లో దాచినచోట కాలుష్యం తక్కువ. ఇత్తడిలోని రాగి బాక్టీరియాను చంపుతుంది. మూత లేని బిందెలో చెంబు ముంచినప్పుడల్లా చేతివేళ్ళు నీటికి తగులుతాయి. పారదర్శకమైన సీసాల్లో నీళ్ళు నింపి ఎండలో పెట్టి తాగించిన ఇళ్ళలో పిల్లల విరేచనాలు తగ్గినట్టు 2006లో మరో పరిశీలన చూపింది.

2002లో సీఎంసీ పరిశోధకురాలు గగన్‌దీప్ కాంగ్ బృందం రామనాయకన్‌పాళయం, చిన్నల్లాపురం, కస్పా వాడల్లో పెద్ద పనికి పూనుకుంది. ఇవి బీడీలు చుట్టి, కూలి చేసి బతికే కుటుంబాలు ఎక్కువగా ఉన్న చోట్లు. పుట్టగానే 452 మంది శిశువులను చేర్చుకున్నారు. వారిలో 373 మందిని మూడేళ్ళు నిండేదాకా వదలకుండా చూశారు. కార్యకర్తలు వారానికి రెండుసార్లు ఇంటికి వెళ్ళి బిడ్డ ఎలా ఉందో అడిగేవారు. విరేచనాలు ఉన్నా లేకపోయినా రెండు వారాలకొకసారి మల నమూనా తీసుకునేవారు.

ఫలితాలు 2011లో వచ్చాయి. సగానికి పైగా పిల్లలకు ఆరు నెలలు నిండేలోపే రోటావైరస్ సోకింది, మళ్ళీ మళ్ళీ సోకింది. మెక్సికోలో ఇలాంటి పరిశీలనలో రెండుసార్లు సోకిన పిల్లలకు తీవ్రమైన జబ్బు నుంచి పూర్తి రక్షణ దొరికింది. వేలూరులో మూడుసార్లు సోకాక కూడా ఒక మోస్తరు, తీవ్రమైన జబ్బు నుంచి రక్షణ 79 శాతమే. ప్రకృతి ఇచ్చే రక్షణే ఇంత తక్కువైతే, టీకా నుంచి వంద శాతం ఆశించకూడదని దీంతో తెలిసింది. అదే నమూనాల్లో నోరోవైరస్‌నూ వెతికారు. పిల్లల విరేచనాల్లో సుమారు పదింట ఒక వంతులో అది కనిపించింది. విహార నౌకల్లో వార్తకెక్కే వైరస్ చిన్నల్లాపురం పసిబిడ్డల్లో ఎవరూ గమనించని మామూలు జబ్బుగా తిరుగుతోందన్నమాట.

టీకా, దాని హద్దులు

2005 నుంచి దేశంలోని ఆసుపత్రులను కలిపి రోటావైరస్ నిఘా నడిపారు. విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన అయిదేళ్ళలోపు పిల్లల్లో పదిమందికి నలుగురిలో ఆ వైరస్ కనిపించింది. ఢిల్లీలో ఒక నవజాత శిశువు నుంచి 1980లలో తీసిన 116ఇ అనే బలహీనమైన వైరస్‌తో హైదరాబాదులోని భారత్ బయోటెక్ రోటావాక్ టీకా తయారుచేసింది. ఢిల్లీ, పూణే, వేలూరులలో 6,799 మంది శిశువుల మీద జరిగిన తుది పరీక్షలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుంచి మొదటి ఏడాది 56 శాతం దాకా రక్షణ దొరికింది. 2016లో ప్రభుత్వం రోటావైరస్ టీకాను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మరుసటి ఏడాది తమిళనాడూ చేరింది. 2019లో కాంగ్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికైంది. భారతదేశంలో పనిచేస్తున్న మహిళా శాస్త్రవేత్తల్లో ఆ గౌరవం ఆమెకే మొదట దక్కింది.

సగానికి కాస్త ఎక్కువ రక్షణ అంటే కోట్లాది పిల్లలున్న దేశంలో వేల ప్రాణాలు. మిగతా సగం టీకా చేతిలో లేదు. నోరోవైరస్‌కు ఇప్పటికీ వాడుకలోకి వచ్చిన టీకా లేదు. కాబట్టి కావేరి నీరు మెట్టూరు నుంచి గొట్టాల్లో వేలూరు జిల్లా పట్టణాలకు చేరడం, ఆ నీరు రోజూ ఒత్తిడితో రావడం, కొళాయి చివరి ఇంట్లో కూడా క్లోరిన్ మిగిలి ఉండటం, మురుగు గొట్టం మంచినీటి గొట్టానికి దూరంగా పోవడం, మరుగుదొడ్డి నుంచి వచ్చాక సబ్బు అందుబాటులో ఉండటం కూడా వైద్యంలో భాగాలే. ఒక వీధిలో నాలుగిళ్ళలో విరేచనాలు మొదలైన నాడే ఆ సంగతి పురపాలక సంఘానికి తెలిసే ఏర్పాటు ఉండాలి. తెలిసిన రోజే నీటి నమూనా తీసి, పగిలిన గొట్టం వెతికి, క్లోరిన్ వేస్తే జబ్బు ఆ వీధిలోనే ఆగుతుంది. ఇందులో వేలూరు ల్యాబులు, గుడియాత్తం దారిలోని పల్లె కేంద్రాలు తమ వంతు చేసి చూపించాయి. ఆ లెక్కను ప్రతి పురపాలక సంఘం, ప్రతి పంచాయతీ తన రోజువారీ పనిగా చేసుకోవడం మిగిలి ఉంది.